షోలవరం మోటారు రేసుల మైదానం: చూసినవాళ్ళు చెప్పండి

తడ_దారి (నెల్లూరు)

అందరికీ నమస్కారం. పని మీద తరచుగా నెల్లూరు నుంచి చెన్నైకి కారులో వెళ్తుంటాను. నాన్నగారు వెంట ఉంటే, గుమ్మిడిపూండి దాటి నల్లూరు టోల్‌గేటు సమీపించగానే "ఇక్కడే షోలవరం రేసులు జరిగేవి" అంటారు. చదువుకునే రోజుల్లో ఆయన ఒకే ఒక్కసారి చూశారు, అదీ జనం వెనక నిలబడి. చెప్పడానికి తన దగ్గర అంతకు మించి లేదంటారు.

అచ్చులో దొరికే సమాచారం చదివాను. 1953లో మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ ఏర్పడడం, రెండో ప్రపంచయుద్ధం నాటి విమానాల రన్‌వే మీద రేసులు నడపడం, 1990లో శ్రీపెరంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో సొంత ట్రాకు వచ్చాక షోలవరం శకం ముగియడం, ఇవి తెలుసు. నాకు కావలసినవి వేరు. జనం ఎక్కడ నిలబడేవారు? ఊరికి దూరంగా ఉన్న ఆ మైదానానికి ఎలా చేరుకునేవారు? ఏ కార్లు పరుగెత్తేవి, వాటిని ఎవరు సిద్ధం చేసేవారు? చుట్టుపక్కల పల్లెలవాళ్ళు ఏమనుకునేవారు? చూసినవాళ్ళు ఇంకా మన మధ్య ఉన్నారు. దయచేసి రాయండి.

పెరంబూరు_తెలుగు (చెన్నై)

బాబూ, అడగవలసినవే అడిగారు. 1960ల చివరి నుంచి ట్రాకు మూతపడేదాకా దాదాపు ఏటా వెళ్ళినవాణ్ణి కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను.

ముందు స్థలం సంగతి. మనం ట్రాకు అంటున్నాం గానీ, రేసుల కోసం కట్టింది అక్కడ ఏదీ లేదు. యుద్ధకాలంలో విమానాలు దిగడానికి పోసిన కాంక్రీటు పట్టీలు, వాటిని కలిపే దారులు, చుట్టూ బీడు, తుమ్మచెట్లు, దూరంగా తాటితోపులు. భూమి సైన్యానిది. క్లబ్బువాళ్ళు అనుమతి తీసుకుని, కొన్ని రోజుల ముందు వచ్చి, ఇసుక నింపిన డ్రమ్ములూ గడ్డిమోపులూ పాత టైర్లూ పేర్చి మలుపులు ఏర్పరిచేవారు. తాటాకు పందిళ్ళు వేసేవారు. పందేలు ముగియగానే అన్నీ విప్పి తీసుకుపోయేవారు. ఏడాదిలో మిగతా రోజులన్నీ అది మళ్ళీ ఖాళీ రన్‌వేనే. అందుకే ఈ రోజు మీకు దారి పక్కన ఏ గుర్తూ కనిపించదు.

సంక్రాంతి సందడి తగ్గి, తెల్లవారుజామున ఇంకా చలి ఉండగానే రేసులు వచ్చేవి. చీకటితోనే పారీస్ కార్నర్‌కు చేరి రెడ్‌హిల్స్ వెళ్ళే బస్సు పట్టుకునేవాళ్ళం. ఆ రోజు బస్సుల్లో కాలు పెట్టే చోటు ఉండేది కాదు. లారీల మీద వచ్చేవారు, స్కూటరుకు ముగ్గురు చొప్పున వచ్చేవారు, వ్యాసర్పాడి నుంచి సైకిళ్ళ మీద బారులు కట్టి వచ్చేవారు. రెడ్‌హిల్స్ దాటాక జీఎన్‌టీ రోడ్డు (గ్రాండ్ నార్తర్న్ ట్రంక్ రోడ్డు) పొడవునా ఒకటే ప్రవాహం. ఇంట్లో అమ్మ కట్టి ఇచ్చిన పులిహోర, పెరుగన్నం అరటాకు పొట్లాల్లో ఉండేవి. పదకొండు దాటితే కాంక్రీటు కాలేది, నీడ ఉండేది కాదు. అయినా ఎవరూ కదిలేవారు కారు.

నేను ఎప్పుడూ పొడవైన రన్‌వే చివర, వెనక్కి తిరిగే మలుపు దగ్గర చోటు చూసుకునేవాణ్ణి. రేసు అర్థం కావాలంటే అదే చోటు. అంత దూరం తిన్నగా పూర్తి వేగంతో వచ్చిన కారు అక్కడ దాదాపు నడక వేగానికి దిగాలి. ఫియట్లకూ అంబాసిడర్లకూ డ్రమ్ము బ్రేకులు. మొదటి రెండు మూడు చుట్లు చక్కగా ఆగేవి. తర్వాత బ్రేకులు కాగి పట్టు సడలేది. అది గ్రహించిన డ్రైవరు ఒక్కో చుట్టుకూ కాస్త కాస్త ముందుగా పెడలు నొక్కడం మాకు కంటికి కనిపించేది. మలుపు వైపు నుంచి లెక్కిస్తే ఎవరు ఎన్నో ఇసుక డ్రమ్ము దగ్గర బ్రేకు వేస్తున్నారో చూసేవాళ్ళం. నాలుగో డ్రమ్ము దాకా బ్రేకు వేయనివాడు ఈ చుట్టులో ఆరో డ్రమ్ము దగ్గరే వేశాడంటే, ఇక ఇద్దరు దాటిపోతారని మాలో మేము చెప్పుకునేవాళ్ళం. మైకులో ప్రకటన రాకముందే మాకు ఫలితం తెలిసిపోయేది.

పొద్దున మోటారు సైకిళ్ళు, ఆ తర్వాత మామూలు కార్లు, ఎండ ముదిరాక ఒంటి సీటు ఫార్ములా కార్లు. 1980ల మొదట్లో విజయ్ మాల్యా ఎన్‌సైన్ ఫార్ములా వన్ కారును తెచ్చి నడిపినప్పుడు ఆ ఇంజను గర్జన గుండెల్లో తగిలింది. అయినా నా మనసు మామూలు కార్ల పందెం మీదే ఉండేది. మా వీధిలో టాక్సీగా తిరిగే బండి లాంటిదే అక్కడ మలుపులో రెండు చక్రాలు లేపి వెళ్తుంటే, అది మన పందెం అనిపించేది.

గేరుపెట్టె (నెల్లూరు)

పెద్దాయన డ్రమ్ముల లెక్క చెప్పగానే నా కాళ్ళు అక్కడికి వెళ్ళిపోయాయి. నేను మెకానిక్‌ను. 1980ల్లో మద్రాసు పుదుపేటలో పని నేర్చుకున్నాను. మా గురువుగారు రేసు కార్లు సిద్ధం చేసేవారు. ఆయన వెంట స్పానర్ల సంచీ మోసుకుంటూ షోలవరం వెళ్ళినవాణ్ణి. "ఎవరు సిద్ధం చేసేవారు" అన్న ప్రశ్నకు నేను జవాబు రాస్తాను.

అప్పట్లో విదేశీ కారుగానీ, విదేశీ విడిభాగంగానీ తెప్పించడం సామాన్యుడి వల్ల అయ్యే పని కాదు. దిగుమతులు కట్టుదిట్టం. కాబట్టి ఉన్నవాటితోనే సాధించాలి. ఉన్నవి మూడే: 1489 సీసీ ఇంజనుతో బరువైన అంబాసిడర్, 1089 సీసీ ప్రీమియర్ పద్మిని (మనం ఫియట్ అనేది), మద్రాసులోనే తయారైన స్టాండర్డ్ హెరాల్డ్. మొదట బరువు దించాలి. వెనక సీటు, తలుపుల లోపలి అట్టలు, బంపర్లు, తివాచీ, వెనక అద్దాలు అన్నీ ఊడదీసేవాళ్ళం. తర్వాత ఇంజను హెడ్డును, అంటే సిలిండర్ల పైమూతను, లేతు మీద అరగదీయించి లోపలి పెట్రోలు-గాలి మిశ్రమం కుదింపు పెంచేవాళ్ళం. ఎంత తీయాలన్నది గురువుగారి వేళ్ళకు తెలుసు. ఒక వెంట్రుకవాసి ఎక్కువ తీస్తే గ్యాస్కెట్ కాలిపోతుంది, వాల్వు వెళ్ళి పిస్టన్‌కు తగులుతుంది. గాలి లోపలికి వచ్చే దారులను చేత్తో, సన్నటి ఆకురాయితో రుద్ది నునుపు చేసేవాళ్ళం. రెండేసి రాత్రులు అదే పని.

పద్మినికి గేరు కడ్డీ స్టీరింగు పక్కన ఉంటుంది. పందెంలో అది పనికి రాదు, కడ్డీలు జారి గేరు పడకుండా పోతుంది. దాన్ని తీసి నేల మీదికి మార్చడం మా దుకాణానికి పేరు తెచ్చిన పని.

హెరాల్డ్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. దాని ముందు భాగం మొత్తం, బానెట్టూ మడ్‌గార్డులూ కలిపి, ఒక్క ముక్కగా ముందుకు తెరుచుకుంటుంది. ఇంజను, ముందు చక్రాలు, స్టీరింగు అన్నీ చేతికందేలా బయటపడతాయి. చక్రం మీదే కూర్చుని ప్లగ్గులు మార్చవచ్చు. రెండు పందేల మధ్య వ్యవధి తక్కువ ఉన్నప్పుడు అది వరమే. కానీ వెనక ఇరుసు తీరు వేరు. మలుపులో వేగం ఎక్కువైతే వెనక చక్రం లోపలికి మడుచుకుంటుంది, బండి ఒక్కసారిగా తోక తిప్పుతుంది. అందుకని వెనక భాగాన్ని కిందికి దించి, చక్రాలు కొంచెం ఏటవాలుగా నిలబడేలా చేసేవాళ్ళం. ఏ గ్రంథమూ మా దగ్గర లేదు. ఒక ఏడాది తోక తిరిగిన బండిని చూసి, మరుసటి ఏడాదికి దిద్దుకున్న జ్ఞానం అది.

తర్వాత బెంగళూరు నుంచి సిపానీ డాల్ఫిన్ వచ్చింది. ఫైబర్‌గ్లాసు ఒళ్ళు, 848 సీసీ ఇంజను. చూడ్డానికి చిన్నది, కానీ తేలిక కాబట్టి పెద్ద బండ్లను ముప్పుతిప్పలు పెట్టింది. 1983 చివర మారుతి 800 వచ్చాక అన్ని లెక్కలూ మారాయి.

సూళ్ళూరుపేట_వాసి

మేము కాలేజీ కుర్రాళ్ళం మద్రాసు పాసెంజరు ఎక్కి పొన్నేరిలో దిగేవాళ్ళం. అక్కడి నుంచి దొరికిన వాహనం. మా గుంపుకు కార్ల కన్నా మోటారు సైకిళ్ళంటే ప్రాణం. రాజ్‌దూత్ 350 వచ్చిన కొత్తలో అది తిన్నటి దారిలో మిగతా బండ్లను వదిలి వెళ్ళిపోతుంటే గొంతు పోయేలా అరిచాం. మైకులో ఇంగ్లీషు, తమిళం వచ్చేవి. మా వాళ్ళలో తమిళం బాగా వచ్చినవాడు మిగతావాళ్ళకు చెప్పేవాడు. పక్కన నిలబడ్డ ఎవరో నాయుడుపేట వాళ్ళు కూడా మా వెనక చేరి వినేవారు.

కారనోడై_మనవరాలు (తిరువళ్ళూరు జిల్లా)

పల్లెలవాళ్ళు ఏమనుకునేవారని అడిగారు కదా, ఆ వైపు నుంచి నేను రాస్తాను. మా అమ్మమ్మగారిది కారనోడై పక్కన చిన్న ఊరు. మా ప్రాంతంలో తెలుగు ఇళ్ళు చాలా ఉన్నాయి. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం.

మాకు ఆ కాంక్రీటు నేల మొదట కళ్ళం. సంక్రాంతి ముందు కోతలు కాగానే వడ్లు అక్కడే ఆరబోసేవారు. కాపలావాళ్ళు చూసీ చూడనట్టు ఊరుకునేవారు. రేసులు దగ్గర పడ్డాయంటే వడ్లు ఎత్తెయ్యాలి, గొడ్లను ఇళ్ళ దగ్గర కట్టెయ్యాలి. అమ్మమ్మ దీనికి విసుక్కునేది. మోత మొదలైతే పాడిగేదె చేపు విడిచేది కాదని ఆమె ఫిర్యాదు. ఆ రెండు రోజులూ పాలు తగ్గేవి.

ఆ నష్టాన్ని ఆమె మరో విధంగా రాబట్టుకునేది. తేగల కాలం కదా, పెద్ద బానలో తేగలు ఉడికించి, కట్టలు కట్టి, తట్టలో పెట్టుకుని మైదానం అంచున కూర్చునేది. పక్కన మజ్జిగ కుండ. మామయ్యలు మా కళ్ళంలో తాళ్ళు కట్టి సైకిల్ స్టాండు నడిపేవారు, సుద్దతో సీటు మీద అంకె వేసి, అట్టముక్క మీద అదే అంకె రాసి ఇచ్చేవారు. మా బావి నీళ్ళు ఆ రోజు ఎంతమంది తాగేవారో. అమ్మమ్మ నీళ్ళకు మాత్రం డబ్బు తీసుకునేది కాదు.

రేసులు అయ్యాక మేము పిల్లలం మైదానమంతా వెతికేవాళ్ళం. గోళీ సోడా గోళీలు, తెగిన తీగలు, రబ్బరు పీలికలు దొరికేవి. మలుపుల దగ్గర కాంక్రీటు మీద టైర్ల నల్లటి చారలు వానాకాలం దాకా ఉండేవి.

లెక్క_తేలాలి (విజయవాడ)

చదువుతుంటే బాగానే ఉంది, కానీ ఒక మాట చెప్పక తప్పదు. అది ధనవంతుల ఆట. రాజవంశాలవాళ్ళు, మిల్లుల యజమానులు, మద్యం వ్యాపారులు బండ్లు తెచ్చి నడిపారు, మిగతా జనం ఎండలో నిలబడి చప్పట్లు కొట్టారు. పైగా ప్రేక్షకులకూ కార్లకూ మధ్య ఒక తాడు, నాలుగు గడ్డిమోపులు. ఇసుక నింపిన డ్రమ్మును గంటకు వంద కిలోమీటర్ల వేగంతో కొడితే ఏమవుతుందో గేరుపెట్టె గారికి నేను చెప్పాలా? ఆ చోటు మూతపడడం మంచిదే అయింది. దాన్ని తలచుకుని బాధపడడం నాకు సమంజసంగా లేదు.

పెరంబూరు_తెలుగు

భద్రత విషయంలో మీతో ఏకీభవిస్తాను. జనం ట్రాకు అంచు దాకా తోసుకొచ్చేవారు. వలంటీర్లు కర్రలు పట్టుకుని వెనక్కి నెట్టడం, రేసు మొదలయ్యాక వాళ్ళు మళ్ళీ ముందుకు రావడం. అద్దె నేల మీద శాశ్వతమైన కంచె, గోడ కట్టే వీలు లేదు. కార్ల వేగం మాత్రం ఏటా పెరిగింది. 1980ల చివరికి ఆ రెండూ పొసగవని క్లబ్బువాళ్ళకే తెలిసింది, అందుకే ఇరుంగాట్టుకోట్టైలో సొంత భూమి చూసుకున్నారు. 3.717 కిలోమీటర్ల ట్రాకు, పన్నెండు మలుపులు, పక్కన ఖాళీ జాగా. అది సరైన నిర్ణయం. మూత వేయకూడదని ఇక్కడ ఎవరూ అనలేదు. అక్కడ ఏమి జరిగిందో రాసి పెట్టుకోవాలని మాత్రమే అంటున్నాం.

గేరుపెట్టె

ధనవంతుల ఆట అన్న మాట సగం వరకే నిజం. స్టీరింగు పట్టినవాళ్ళలో చాలామంది ఉన్నవాళ్ళే. కానీ ఆ బండిని పరుగెత్తేలా చేసినవాళ్ళు ఎవరు? మా గురువుగారు ఎనిమిదో తరగతి దాటలేదు. ఆయన దగ్గర పని నేర్చుకున్నవాళ్ళం తర్వాత నెల్లూరులో, గూడూరులో, తిరుపతిలో దుకాణాలు పెట్టుకున్నాం. ఒంటి మీద ఖాకీ చొక్కా తప్ప ఏమీ లేని కుర్రాడికి షోలవరంలో ఒక గౌరవం దక్కేది. బండి యజమాని ఎంతటివాడైనా, హెడ్డు బిగించే సమయంలో మా గురువుగారు "ఆగండి" అంటే ఆగేవాడు.

ఇంకొకటి. కోయంబత్తూరు కరివర్ధన్‌ను గుర్తు చేసుకోండి. మిల్లుల కుటుంబంలో పుట్టినవాడే. షోలవరంలో పరుగెత్తినవాడే. ఆయన 1988లో మారుతి 800 ఇంజనుతో చవకైన ఫార్ములా కారు తయారు చేశాడు, ఫార్ములా మారుతి అన్నారు దాన్ని. కోట్లు లేని కుర్రాళ్ళు కూడా ఒంటి సీటు కారు నడపగలగాలన్నదే దాని ఉద్దేశం. నారాయణ్ కార్తికేయన్ తొలి పందేలు ఆ కారులోనే నడిపాడు. 2005లో జోర్డాన్ జట్టుతో ఫార్ములా వన్‌లో అడుగుపెట్టిన మొదటి భారతీయుడు అతనే. 2010లో వెళ్ళిన కరుణ్ చందోక్ అయితే మద్రాసు క్లబ్బు వ్యవస్థాపకులలో ఒకరైన ఇందు చందోక్‌కు మనవడు. కరివర్ధన్ 1995లో విమాన ప్రమాదంలో పోయారు. కోయంబత్తూరులోని ట్రాకుకు ఆయన పేరే పెట్టారు. ఈ దారులన్నీ ఆ పాత రన్‌వే మీదుగానే వెళ్ళాయి.

పాలమూరు_రైతుబిడ్డ

రేసుల మీద నాకు పెద్దగా పరిచయం లేదు. చిన్నప్పుడు మేనమామతో మద్రాసు వెళ్ళి షోలవరం ఒకసారి చూశాను. నాకు మిగిలినది వాసన. పొగ వచ్చి ముక్కుకు తగలగానే "మామా, ఆముదం" అన్నాను. మా చేలల్లో పండేది ఆముదమే కాబట్టి ఆ వాసన నేను ఎక్కడైనా గుర్తుపడతాను. రేసు బండ్లలో ఆముదం ఎందుకు? గేరుపెట్టె గారు చెప్పగలరా?

గేరుపెట్టె

మీ ముక్కు సరిగ్గానే పట్టింది. కొన్ని రేసు ఇంజన్లలో, ముఖ్యంగా మోటారు సైకిళ్ళలో, ఆముదంతో చేసిన నూనె వాడేవారు. మామూలు ఇంజన్ ఆయిల్ బాగా కాగినప్పుడు పలచబడి లోహం మీద నుంచి జారిపోతుంది. ఆముదం బాగా కాగినా లోహాన్ని అంటిపెట్టుకునే ఉంటుంది. పిస్టన్ పట్టేసే ప్రమాదం తగ్గుతుంది. నష్టం కూడా ఉంది: కాలిన ఆముదం లోపల జిగట పూతలా గట్టిపడుతుంది. అందుకని పందెం కాగానే ఇంజను విప్పి కిరసనాయిలుతో కడిగేవాళ్ళం. అలాగే వదిలేస్తే వారానికల్లా పిస్టన్ రింగులు గాడిలో అతుక్కుపోతాయి. ఆ కడిగే పని కొత్తగా చేరిన కుర్రాళ్ళది, అంటే నాదే. షర్టుకు పట్టిన ఆ వాసన ఎన్ని ఉతుకులకూ పోయేది కాదు.

ఈనో_ఒడ్డు (నార్త్ కరోలినా)

ఈ చర్చ చదివి అమెరికా నుంచి రాస్తున్నాను. మేముండే కేరీ, మోరిస్‌విల్ ప్రాంతంలో తెలుగు కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. అరగంట దూరంలో హిల్స్‌బరో అనే చిన్న ఊరి పక్కన, ఈనో నది ఒడ్డున ఆకొనీచీ స్పీడ్‌వే అనే పాత మట్టి ట్రాకు ఉంది. మీ షోలవరం గురించి చదువుతుంటే అదే కళ్ళ ముందు మెదిలింది.

ఇక్కడి స్టాక్ కార్ల పందెం, పెరంబూరు గారు చెప్పిన మామూలు కార్ల పందేనికి దగ్గరి చుట్టమే. దుకాణంలో కొన్న కారును కొన్నట్టే పరుగెత్తించాలన్నది మొదట్లో నియమం. నాస్కార్ సంస్థ 1949లో ఆ తరహా పందేలు మొదలుపెట్టిన తొలి ఏడాది మొత్తం ఎనిమిది పందేలే జరిగాయి. అందులో మూడోది, ఆగస్టు 7న, ఇక్కడే. బాబ్ ఫ్లాక్ గెలిచాడు. చుట్టు దాదాపు ఒక మైలు. ఆదివారం పందేలకు స్థానిక చర్చిల పెద్దల నుంచి వ్యతిరేకత వచ్చింది. నిర్వాహకుడు బిల్ ఫ్రాన్స్ తన దృష్టిని అలబామాలోని టాలడేగా వైపు మళ్ళించాడు. 1968 సెప్టెంబరు 15న చివరి పందెం, గెలిచింది రిచర్డ్ పెట్టీ. తర్వాత అడవి పెరిగింది.

దాన్ని 2002లో జాతీయ చారిత్రక స్థలాల జాబితాలో చేర్చారు. ఇప్పుడది నడకదారి, ప్రవేశం ఉచితం. మేము పిల్లలతో వెళ్తుంటాం. మట్టి ట్రాకు ఆకారం చెక్కుచెదరలేదు. ఒకప్పుడు కార్లు దూసుకెళ్ళిన చోట లోపలా బయటా పైన్ చెట్లు ఆకాశాన్ని అంటుతున్నాయి. ప్రేక్షకులు కూర్చున్న కాంక్రీటు మెట్లు వాలులో అలాగే ఉన్నాయి, నాచు పట్టి. మలుపులో నిలబడితే నేల వంపు కాళ్ళకు తెలుస్తుంది. నది ఎంత దగ్గరో చూస్తే, అదుపు తప్పిన కార్లు ఎటు వెళ్ళేవో ఊహించవచ్చు.

ఒక ఫలకం, ఒక నడకదారి, ఒక పాత టికెట్ గది నమూనా. పెద్ద ఖర్చు కాదు. ఇక్కడి వృద్ధులు మనవళ్ళను తెచ్చి "నేను ఇక్కడ కూర్చున్నాను" అని మెట్టు చూపించడం నా కళ్ళతో చూశాను. షోలవరం చూసినవాళ్ళకు ఆ అవకాశం లేకపోవడం బాధగా ఉంది.

లెక్క_తేలాలి

గేరుపెట్టె గారి జవాబు, ఈనో ఒడ్డు గారి వివరాలు చదివాను. భద్రత మీద నా అభిప్రాయం అదే. అయితే మెకానిక్కుల సంగతి ఎక్కడా రాసి లేదన్నది నిజం. గెలిచినవాళ్ళ పేర్లు పత్రికల్లో పడ్డాయి. హెడ్డు అరగదీసినవాళ్ళ పేర్లు పడలేదు. వాళ్ళను అడిగి రాయించడం ఈ చర్చలో జరగవలసిన అసలు పని అని నా సూచన.

హుస్సేన్‌సాగర్_గట్టు (హైదరాబాద్)

మాకూ ఇలాంటి అనుభవం ఉంది, కాకపోతే చాలా చిన్నది. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఎలక్ట్రిక్ కార్ల పందెం, ఫార్ములా ఈ, జరిగింది. మేము రోజూ ఆఫీసుకు వెళ్ళే ఎన్టీఆర్ మార్గ్ మీదే 2.83 కిలోమీటర్ల ట్రాకు. జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. 2024 పందెం రద్దయింది. కాంక్రీటు దిమ్మెలు, కంచెలు తీసేశాక అది మళ్ళీ మామూలు రోడ్డు. ఆ రోజు అక్కడ ఉన్నవాళ్ళు ఇప్పుడే రాసి పెట్టుకుంటే మంచిది. ముప్పై ఏళ్ళు ఆగితే షోలవరం పరిస్థితే.

తడ_దారి

ఇంత వస్తుందని అనుకోలేదు. అందరికీ కృతజ్ఞతలు. పెరంబూరు గారు చెప్పిన డ్రమ్ముల లెక్క నాన్నగారికి చదివి వినిపించాను. ఆయన వెంటనే "అవును, అవతలి గుంపులో ఎవరో అంకెలు అరిచేవారు, ఎందుకో అప్పుడు తెలియలేదు" అన్నారు.

ఒక సందేహం. ఇప్పుడు లోపలికి వెళ్ళి ఆ నేలను చూడవచ్చా? మరొకటి, గేరుపెట్టె గారికి. మీ గురువుగారు ఉన్నారా? ఉంటే ఆయనను అడగవలసినవి నా దగ్గర కొన్ని ఉన్నాయి. రేసు కార్లను ట్రాకుకు ఎలా తెచ్చేవారు? రాత్రి ఎక్కడ ఉంచేవారు? పందెంలో చెడిపోతే ఇంటికి ఎలా చేర్చేవారు?

కారనోడై_మనవరాలు

సైన్యం భూమి కాబట్టి అనుమతి లేకుండా లోపలికి వెళ్ళవద్దు. దారి మీద నుంచి చూడాలన్నా పెద్దగా ఏమీ కనిపించదు. మీరు ఈ వైపు వస్తే షోలవరం చెరువు కట్ట దగ్గర ఆగండి, ఆ పరిసరాలు ఎలా ఉండేవో కొంత తెలుస్తుంది. చెన్నైకి తాగునీరు ఇచ్చే చెరువుల్లో అది ఒకటి. తెలుగు గంగ కాలువలో వచ్చే కృష్ణ నీళ్ళు పూండి జలాశయం దాటాక ఈ చెరువుల వైపే వస్తాయి. మా అమ్మమ్మ కాలంలో ఆ నీళ్ళు లేవు, వానే దిక్కు. మా పెద్ద మామయ్య ఇంకా ఊళ్ళోనే ఉన్నారు. సైకిల్ స్టాండు అట్టముక్కలు కొన్ని ఆయన పెట్టెలో దాచారు. ఫొటో తీసి పంపమని అడిగాను.

గేరుపెట్టె

గురువుగారు ఉన్నారు. ఎనభై దాటాయి, వినికిడి తగ్గింది, జ్ఞాపకశక్తి మాత్రం తగ్గలేదు. నిన్న చెన్నై వెళ్ళి మీ ప్రశ్నలన్నీ కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి ముందు పెట్టాను. ఆయన చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

మామూలు కార్లలో చాలావాటిని రోడ్డు మీద నడుపుకుంటూనే తెచ్చేవారు. పుదుపేట నుంచి తెల్లవారుజామున బయలుదేరి, సెంట్రల్ స్టేషన్ మీదుగా, పోలీసులు ఆపకుండా సైలెన్సరు బిగించుకుని వచ్చేవారు. ట్రాకు దగ్గరికి వచ్చాక సైలెన్సరు విప్పేవారు. సీట్లు, అద్దాలు, బంపర్లు అక్కడే ఊడదీసి పందిట్లో ఒక మూల పేర్చి, ఏ బండివి ఏవో సుద్దతో గుర్తు పెట్టేవారు. రాత్రి బండి పక్కనే చాప వేసుకుని పడుకునేవారు. దొంగల భయం కన్నా, ఎవరైనా వచ్చి కార్బురేటరు జెట్లు (పెట్రోలు వదిలే సన్నటి రంధ్రాలు) చూసి కొలతలు తెలుసుకుంటారన్న భయం ఎక్కువట.

పందెంలో బండి చెడిపోకపోతే మళ్ళీ సీట్లు బిగించి, అదే బండిలో ఇంటికి. మరునాడు యజమాని దానిలోనే ఆఫీసుకు వెళ్ళేవాడు. ఇంజను పోతే లారీ వెనక మోకు కట్టి లాక్కొచ్చేవారు. వెనక వచ్చే చెడిన బండి స్టీరింగు దగ్గర గురువుగారే కూర్చునేవారు, ఎందుకంటే ఇంజను ఆగిన బండిని తాడు తెగకుండా, ముందు లారీని గుద్దకుండా మద్రాసు దాకా అదుపులో పెట్టడం వేరే వాళ్ళ చేతిలో పెట్టే పని కాదు అన్నారు. ఒకసారి రెడ్‌హిల్స్ దగ్గర మోకు తెగితే, ఆ పక్క పల్లెవాళ్ళు బావి తాడు ఇచ్చారట. మరుసటి ఏడాది రేసులకు వచ్చినప్పుడు కొత్త తాడు కొని ఇచ్చి వచ్చారు.

లెక్క తేలాలి గారూ, మీరు అన్నట్టు పేర్లు కూడా అడిగాను. ఆ కాలంలో తనతో పనిచేసిన మెకానిక్కులు, లేతు పనివాళ్ళు, వెల్డర్లు ఎవరెవరో ఒక్కొక్కరినీ తలచుకుని చెప్పారు. వాళ్ళ కుటుంబాలను అడిగి, వారు ఒప్పుకున్నాకే ఇక్కడ రాస్తాను. వచ్చే నెల మళ్ళీ వెళ్తున్నాను. మోటారు సైకిళ్ళ గురించి అడగవలసినవి ఉంటే ఈలోగా పంపండి, సూళ్ళూరుపేట గారు ముఖ్యంగా.